వేదికలున్నాయి, గోడలు కావాలి

తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల కమిషనర్లకు ఒక బొమ్మలవాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్లకు,

మన రెండు ఊళ్ళలో పాటకు చోటుంది, నాట్యానికి చోటుంది, హరికథకూ నాటకానికీ అవధానానికీ చోటుంది. తిరుపతిలో మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. వీటన్నిట్లో కుర్చీలు ఒకే దిక్కుకు చూస్తుంటాయి. కళ అంటే ఎదురుగా, ఎత్తులో, మైకు పెట్టుకొని జరిగేదని ఈ కట్టడాలు ముందే తీర్మానించుకున్నాయి. బొమ్మ అట్లా జరిగేది కాదు. దానికి కర్టెన్ లేవదు, చప్పట్లుండవు. దాని దగ్గరికి మనిషి నడిచి రావాలి, నిలబడాలి, విసుగొస్తే పక్క బొమ్మకు పోవాలి, బుద్ధి పుడితే మళ్ళీ వెనక్కి రావాలి. దానికి కావలసింది వేదిక కాదు, గోడ. ఆ గోడ అడగడానికే ఈ ఉత్తరం.

నేను మనుషుల మొగాలు వేసేవాణ్ణి. వచ్చే ఆషాఢమాసంలో నా మొదటి ప్రదర్శన పెట్టబోతున్నాను. ఆషాఢమే ఎందుకంటారా? ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి. తిరుపతిలో ఒక కల్యాణమండపం వాళ్ళు ముహూర్తాల్లేని నెల గనక భోజనాల హాలును నాకు అందుబాటు బాడుగకు ఇస్తామన్నారు. సంతోషమే. కానీ భోజనాల హాలు గోడలకు మనిషెత్తు దాటి టైల్స్ ఉంటాయి, సాంబారు చిందితే కడుక్కోవడానికి. టైల్స్‌కు మేకు దిగదు, దిగినా దించనివ్వరు. అందుకని పెళ్ళి సప్లయర్స్ దగ్గర సవుకు కట్టెలు తెచ్చి, పందిరి కట్టినట్టు చట్రాలు నిలబెట్టి, వాటికి గోధుమరంగు గుడ్డ బిగించి, ఆ గుడ్డ మీద బొమ్మలు వేలాడదియ్యాలని నిర్ణయించాను. పైన ఫ్యాన్లు తిరిగితే వాటి నీడలు మొగాల మీద తిరుగుతాయి. ఫ్యాన్లు ఆపితే చూసేవాళ్ళు చెమటకు తట్టుకోలేరు. ప్రస్తుతం నేనీ సమస్య దగ్గర ఆగి ఉన్నాను.

ఈ ఇబ్బంది ఒక్క నాది అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. దీనికి చరిత్ర ఉంది. చిత్తూరు జిల్లా 1911లో పుట్టినప్పుడు మనది మద్రాసు రాజధాని. 1850లో మొదలైన చిత్రకళా పాఠశాల మద్రాసులో ఉంది, ప్రదర్శనలు మద్రాసులో జరిగేవి. 1873లో పాతికేళ్ళ రవివర్మకు గవర్నరు బంగారు పతకం వచ్చింది మద్రాసు ప్రదర్శనలోనే. ఆ తరవాతే ఆయన పేరు దేశం చెవిన పడింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు ఆ గోడలన్నీ అవతల ఉండిపోయినాయి. ఆ తరవాత హైదరాబాదు మనదైంది, అక్కడ మెల్లగా గ్యాలరీలు లేచాయి. 2014లో అవి కూడా అవతలికి పోయినాయి. అరవై ఒక్క ఏళ్ళలో రెండుసార్లు రాజధానిని పోగొట్టుకున్న రాష్ట్రంలో అందరూ లెక్కేసుకున్నది కచేరీలూ ఉద్యోగాలూ నీళ్ళూ. బొమ్మలు తగిలించే గోడల్ని ఏ పంపకాల జాబితాలోనూ ఎవరూ రాసినట్టు లేదు. మధ్యలో ఉన్న రాష్ట్ర లలితకళా అకాడమీ కూడా 1983లో మిగతా అకాడమీలతోపాటు రద్దయింది.

దీని ఫలితం మాలాంటివాళ్ళ నడకలో కనిపిస్తుంది. తిరుపతి చిత్రకారుడు బొమ్మల్ని దుప్పట్లలో చుట్టుకొని చెన్నైకి పోతాడు, లేదంటే బెంగుళూరుకు. బెంగుళూరులో చిత్రకళా పరిషత్తు వాళ్ళు ఏటా జనవరిలో ఒక ఆదివారం చిత్రసంతె పెడతారు. కుమారకృపా రోడ్డు మొత్తం ఆ రోజు బొమ్మలదే. నేను చూడ్డానికి పోయినాను. చూసి సంబరపడ్డాను, కొంచెం ఉడుక్కున్నాను కూడా. అయితే నా బొమ్మల్ని అక్కడికి మోసుకుపోవడానికి మాత్రం మనసొప్పలేదు. ప్రకృతి దృశ్యాన్ని ఎక్కడైనా పెట్టవచ్చు. కొండకు అభ్యంతరం ఉండదు. మనిషి మొగం సంగతి వేరే. చిత్తూరు గానుగ దగ్గర బెల్లం వండే మనిషి మొగాన్ని మొదట చూడాల్సింది ఆయనా, ఆయన భార్యా, ఆయన బెల్లం కొన్న మండీ వాళ్ళూ. వాళ్ళు చూసి 'ఇది వాడే' అన్న తరవాత బెంగుళూరు చూడనీ, లండన్ చూడనీ. వాళ్ళు చూడకుండా బయటివాళ్ళు మెచ్చుకుంటే ఆ మెప్పు బొమ్మకు వచ్చింది గానీ పోలికకు కాదు.

లండన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మొగాల కోసమే అక్కడ 1856లో ఒక జాతీయ గ్యాలరీ పెట్టారు. నూరేళ్ళకు పైగా వాళ్ళదొక నియమం: గద్దె మీద ఉన్న రాజో రాణో తప్ప బతికున్నవాళ్ళ పటం తీసుకోకూడదు. 1969లో గానీ ఆ నియమం పోలేదు. చచ్చి, అదీ గొప్పవాళ్ళయి ఉంటేనే గోడ ఎక్కేది. నా పటాల్లో ఉన్నవాళ్ళు రెండు అర్హతలకూ తూగరు. అందరూ బతికే ఉన్నారు, ఒక్కరూ పేపర్లో పడలేదు.

నిజానికి నాకు కూడు పెట్టింది మాత్రం చనిపోయినవాళ్ళే. మా పని తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. పెద్దకర్మ నాటికి పటం కావాలంటారు. చేతిలో ఒక ఆధార్ కార్డు ఉంటుంది. "ఇదొక్కటే ఉండాది సార్, దీన్ని చూసి నవ్వుతా ఉన్నట్టు వెయ్యండి." ఆధార్ ఫోటోలో నవ్విన మనిషిని నేనింతవరకు చూడలేదు. నవ్వించాలంటే ఆ మనిషి పండ్లెట్లా ఉండేవో, నవ్వితే ఏ చెంప ముందు లేచేదో తెలియాలి. కొడుకును అడిగితే చెప్పలేడు. కోడలు చెప్తుంది, ఏళ్ళ తరబడి గమనించింది గనక. అట్లా ఊహించి వేసిన నవ్వులు ఈ జిల్లాల్లో చాలా ఇళ్ళలో దండల వెనక ఉన్నాయి. ఆ పని నేను చిన్నచూపు చూడను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని, ఊపిరి తీసుకుంటున్న మనిషిని, మధ్యలో కునుకు తీసే మనిషిని వెయ్యాలన్న ఆశ అట్లాంటి పటాలు వేసి వేసి పుట్టిందే.

అంతకుముందు మేము బ్యానర్లు వేసేవాళ్ళం. తిరుపతి మొగాలను చూసి ఓటేసిన ఊరు. 1983లో ఎన్.టి. రామారావును గెలిపించింది, 2009లో చిరంజీవిని గెలిపించింది. మా వృత్తి చరిత్ర మొత్తం ఆ రెండు ఎన్నికల మధ్య ఇమిడిపోతుంది. మొదటి దాంట్లో చిన్న ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీసి, గుడ్డ మీద అన్నే పెద్ద గళ్ళు గీసి, గడికి గడి మొగాన్ని ఎక్కించిన చేతులున్నాయి. రెండో దాని నాటికి అవే వీధుల్లో ఫ్లెక్సీ మిషన్లు మొగాలను చాపల్లాగా పరిచి గుట్టలు వేస్తున్నాయి. లీలామహల్ సెంటరు పక్క నిలబడి నిచ్చెన మీద కన్నుబొమ్మలు దిద్దిన పెద్దవాళ్ళు కొందరు తరవాత ఇళ్ళకు సున్నం కొట్టారు, కొందరు ఆటో నెంబర్లు రాశారు. ఫ్లెక్సీని తిట్టి లాభం లేదు, అది చవక. నేను గమనించిందొకటే: చేత్తో వేసేటప్పుడు రాజకీయ నాయకుడి మొగానికైనా మేము కొంత సేపు ఎదురుగా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఊరు నిండా మొగాలే, ఒక్కదాని ఎదురుగా ఎవరూ కూర్చున్న గుర్తు లేదు.

మన ప్రాంతంలో మనిషి మొగానికి జనం ఎదుట చోటు దొరకలేదా అంటే, దొరికింది. ఐదువందల ఏళ్ళుగా ఉంది. తిరుమల గుళ్ళో మహాద్వారం దాటగానే ఉన్న కృష్ణరాయ మండపంలో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నదేవి ఉన్నారు. 1517 ప్రాంతం నాటి రాగి విగ్రహాలు. ఆ మండపంలోనే అచ్యుతరాయలు, వరదరాజమ్మ, చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతిరాయలు కూడా ఉన్నారు. ఇంకా లోపలికి పోతే తోడరమల్లు, ఆయన తల్లి మోహనాదేవి, భార్య పీతాబీబీ. ఈ తోడరమల్లును అక్బరు మంత్రి అనుకొని దండం పెట్టేవాళ్ళున్నారు. ఆయన వేరే, ఆర్కాటు నవాబుల నాటి మనిషి. రోజుకు అరవై డెబ్బై వేలమంది ఈ విగ్రహాల పక్కనుంచి పోతారు. ప్రపంచంలో ఇంతమంది ముందు నిలబడ్డ మానవమూర్తులు ఎన్ని ఉంటాయో నేను లెక్కెయ్యలేను. చూసేవాళ్ళు మాత్రం తక్కువ. క్యూ తోస్తా ఉంటుంది, కళ్ళు లోపలి వైపు ఉంటాయి, అది న్యాయమే. రాజు కూడా అట్లా చూడమనే చేతులు జోడించుకున్నాడు.

మొగాలు వేసేవాడికి ఆ రాయల విగ్రహం ఒక చిక్కు ప్రశ్న. అందులో ఆయన సన్నగా, నడుము బిగించి, నునుపైన చెంపలతో ఉంటాడు. అదే కాలంలో విజయనగరానికి వచ్చి ఆయన్ను దగ్గరగా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మాత్రం రాజు నడితరం ఎత్తు మనిషనీ, మంచి ఛాయ ఉన్నవాడనీ, సన్నం కంటే లావు వైపే ఉంటాడనీ, మొగం మీద మశూచి మచ్చలున్నాయనీ రాసి పెట్టాడు. రాగిలో మచ్చలు లేవు. శిల్పి చూడలేదా? చూసి వదిలేశాడా? రాజు వద్దన్నాడా? దేవుడి ముందు నిలబడేటప్పుడు మచ్చలెందుకని అందరూ కలిసే అనుకున్నారా? నాకు చివరిదే నిజమనిపిస్తుంది. భక్తుడిగా నిలబెట్టిన మూర్తి అది, పోలిక దాని మొదటి పని కాదు. అయినా ఎవరెవరో తెలియాలని మూర్తుల భుజాల మీద పేర్లు చెక్కారు. మొగం మీద పూర్తి నమ్మకం లేనప్పుడు పేరు రాయాల్సిందే.

మచ్చ వెయ్యాలా వద్దా అన్నది నాకు ప్రతి పటం దగ్గరా వచ్చే ప్రశ్నే. బెల్లం వండే ఆయన కుడి మోచేతి మీదా దవడ మీదా పాకం పడి కాలిన మచ్చలున్నాయి. నేను మర్యాదకు దవడ మచ్చను కొంచెం నీడలోకి నెట్టాను. ఆయన చూసి, "అది కనపడేట్టు వెయ్యి సామీ, అది లేకుంటే నేను గానుగ కాడ పని చేసినోణ్ణని ఎవురు నమ్ముతారు?" అన్నాడు. మళ్ళీ వెలుగులోకి తెచ్చాను. నారాయణవనంలో మగ్గం మానేసిన ఒక పెద్దాయన కూర్చున్నంతసేపూ కళ్ళజోడు తియ్యనన్నాడు. అద్దాల్లో కిటికీ ప్రతిబింబం పడి ఎడమ కన్ను సగం పోయింది. సగం కన్నుతోనే వేశాను. అది బాగానే వచ్చింది, అన్నీ ఒప్పుకోవాలి కదా. పుత్తూరు దగ్గర విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఒకాయన మొగం కంటే చేతులు గొప్పగా ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా పటంలో మొగమే వెనక్కి పోతోంది. ఆ పటాన్ని ప్రదర్శనలో పెట్టాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.

ఆడవాళ్ళ దగ్గర వచ్చే మాట ఒకటే. "కాస్త తెల్లగా వెయ్యి నాయనా." ఇందులో తప్పు వాళ్ళది కాదు. రంగుల అంగట్లో 'ఫ్లెష్ టింట్' అని ఒక ట్యూబు అమ్ముతారు. మూత తీస్తే లేత గులాబీ రంగు. మన జిల్లాల్లో ఆ రంగు మనిషి నాకింతవరకు ఎదురుపడలేదు. ఆ ట్యూబును నమ్ముకొని నేర్చుకున్నవాడు నల్ల మొగాన్ని వెయ్యాలంటే దానికి నలుపు కలుపుతాడు. అప్పుడొచ్చేది బూడిద, బతికున్న మనిషి కాదు. మన మొగాల నలుపులో నలుపు చాలా తక్కువ. కాల్చిన మట్టిరంగు, దాని కింద పచ్చటి ఛాయ, నుదుటి మీద మిట్టమధ్యాహ్నం పడితే ఊదా, చెవి వెనక నుంచి వెలుతురొస్తే ఎరుపు. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు ఏరే ఒకామెకు ఈ సంగతంతా బొమ్మ మీద చూపించాను. ఆమె పరీక్షగా చూసి, "నా మొగంలో ఇన్ని రంగులుండాయా?" అని అడిగింది. తెల్లగా వెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

గుండ్ల సంగతి వేరే చెప్పాలి. తిరుపతిలో మొగాలు వేసేవాడికి కల్యాణకట్టను మించిన బడి లేదు. జుట్టు అనేది మొగానికి చట్రం. అది తీసేస్తే చెవులు ఉన్నట్టుండి పెద్దవవుతాయి, మాడు ఆకారం బయటపడుతుంది, కనుబొమ్మలకు పని పెరుగుతుంది. మనిషికి కాసేపు తన మొగం తనకే కొత్త. చెయ్యి పదే పదే తలమీదికి పోతుంది. గంధం పూసిన తల మీద పడే వెలుతురు పూయని తల మీద పడేదానికంటే మెత్తగా ఉంటుంది, నూనె రంగుల్లో దాన్ని పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆడవాళ్ళ గుండు మొగాలు వేసేటప్పుడు నేను ముందుగా వాళ్ళనూ, ఇంట్లోవాళ్ళనూ అడిగాను. మొక్కు తీర్చుకున్న మనిషి మొగంలో ఉండే ఆ తేలిక నాకు ఇంకెక్కడా దొరకలేదు. వద్దన్నవాళ్ళ పటాలు గోడకు తిప్పి ఇంట్లో పెట్టాను. అవి ఎవరికీ చూపించను.

తిరుపతిలో దేవస్థానం వాళ్ళ సంప్రదాయ శిల్ప కళాశాల 1960 నుంచి ఉంది. రాతి పని, లోహం, కొయ్య, సుధ, కలంకారీ, చిత్రలేఖనం నేర్పుతారు. అక్కడి పిల్లలతో మాట్లాడ్డం నాకు సరదా. వాళ్ళది తాళమానం లెక్క. ఉత్తమ దశతాళమంటే మూర్తి ఎత్తును 124 భాగాలు చేసి, ముక్కుకిన్ని, గడ్డానికిన్ని, మోకాలికిన్ని అని పంచుతారు. దేవుడి మొగానికి కొలత ముందుంటుంది, రూపం తరవాత వస్తుంది. నా దగ్గర కూర్చున్న మనిషి ఏ కొలతకూ దొరకడు. ఒక కన్ను కిందికుంటుంది, ముక్కు ఎడమకు వంగి ఉంటుంది. ఆ తేడాయే వాడు. కొలత తప్పిన చోటే మనిషి ఉంటాడని ఒకసారి అంటే, ఒక కుర్రాడు "అయితే మాకు మార్కులు పోతాయి సార్" అన్నాడు. వాడికి నా మాట బాగానే అర్థమైంది.

గంగజాతరలో కొలతలన్నీ గాలికి పోతాయి. తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు ఊళ్ళో మగవాళ్ళు ఒకరోజు ఒళ్ళంతా నామాల తెల్లమట్టి పూసుకొని బైరాగి వేషం, ఒకరోజు కుంకుమతో బండ వేషం, ఒకరోజు బొగ్గుపొడితో తోటి వేషం వేస్తారు. తెలుపు, ఎరుపు, నలుపు. కోక కట్టుకొని, జడ వేసుకొని, మీసం మాత్రం తియ్యకుండా అమ్మవారికి మొక్కు తీర్చుకునే మగవాడి మొగాన్ని వెయ్యడం ఎంత కష్టమో వేసి చూస్తే గానీ తెలియదు. ఆ మొగంలో ఎగతాళి ఉండదు. చివరి రాత్రి గుడి ముందర అమ్మవారి విశ్వరూపాన్ని మట్టితో ఎత్తుతారు. పెద్ద మొగం, పెద్ద కళ్ళు. తెల్లవారాక పేరంటాలు వేషం వచ్చి చెంప నరికితే, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఒక్క రాత్రి ఉండే మొగానికి ఈ ఊరు అంత జాగా ఇస్తుంది, అంత రద్దీని ఓర్చుకుంటుంది, ట్రాఫిక్ మళ్ళిస్తుంది. అంటే జాగా లేక కాదు, అలవాటు లేక.

ఇక నేను అడగదలుచుకున్నది. కొత్త భవనం కట్టమని అడగడం లేదు. కడితే దానికి శంకుస్థాపన, ఎస్టిమేట్లు, ప్రభుత్వం మారితే పేరు మార్పు, ఇదంతా మీకూ నాకూ తెలిసిందే. తిరుపతి మునిసిపాలిటీ 1886 నాటిది. ఇంత వయసున్న సంస్థ చేతిలో వాడని గది ఒక్కటైనా ఉండకపోదు. పాత బడి అయినా సరే, మూతపడ్డ రీడింగ్ రూమైనా సరే, పొడుగు వరండా అయినా సరే. చిత్తూరులోనూ అట్లాంటిది ఒకటి. గోడకు టైల్స్ వద్దు, సున్నమే మేలు. గోడ పైఅంచున ఈ కొస నుంచి ఆ కొసకు ఒక ఇనప పట్టీ వెయ్యండి, దాన్నుంచి తీగలు వేలాడదీసి పటాలు తగిలించుకుంటాం, మేకుల గొడవే ఉండదు. పటాన్ని ఎంత ఎత్తులో తగిలించాలో కూడా ఆలోచించాను. బయట గ్యాలరీల్లో మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండేట్టు తగిలిస్తారు. మా చూసేవాళ్ళలో సగం మంది పొట్టి ముసలమ్మలు. ఇంకో నాలుగంగుళాలు దించితేనే మొగాలు మొగాలు ఎదురవుతాయి. దీపాలు నడినెత్తిన వద్దు. నూనె రంగు మెరుస్తుంది, బొమ్మ బదులు దీపమే కనిపిస్తుంది. పక్కనుంచి వచ్చే పసుపుపచ్చ వెలుతురు చాలు.

వేళలు ఆఫీసువి కాకూడదు. పది నుంచి ఐదు దాకా తెరిస్తే నా పటాల్లోవాళ్ళు చాలామంది రాలేరు, ఆ వేళ వాళ్ళు పనిలో ఉంటారు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా తెరవండి. తలుపు దగ్గర రిజిస్టరు, సెల్‌ఫోన్ నెంబరు, గుర్తింపు కార్డు అడగొద్దు. తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చినామె తట్ట దించుకోవడానికి ఒక అరుగు ఉంటే చాలు. బాడుగ మాటకొస్తే, పూర్తిగా ఉచితం చెయ్యమని నేననను. ఉచితమైతే పెద్దమనుషుల సిఫారసులు మొదలవుతాయి. రోజుకింతని ఒక చిన్న మొత్తం, వరస ప్రకారం, ఎవరికైనా అదే. కడపలో 2020 నుంచి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళున్నారు, మాధవమాలలో కొయ్యబొమ్మల వాళ్ళున్నారు. ఆ గోడ ఏడాదిలో ఒక్క వారం కూడా ఖాళీగా ఉండదని నా నమ్మకం.

ఇంకో మనవి. ప్రారంభోత్సవం వద్దు. రిబ్బన్ కత్తిరింపూ, జ్యోతి ప్రజ్వలనా, శాలువాలూ వద్దని నా ఉద్దేశం. వీటివల్ల ఎవరికీ కీడు లేదు. కానీ వేదిక వెయ్యగానే కుర్చీలు దానివైపు తిరుగుతాయి, గోడలకు జనం వీపులు పెడతారు. వెనక కట్టే ఫ్లెక్సీలో అతిథుల మొగాలు నా పటాలకంటే పెద్దవిగా ఉంటాయి. మీరు తప్పకుండా రండి. మామూలుగా రండి, వెంట ఎవరూ లేకుండా.

బొమ్మలకు గోడలిచ్చే పని రాజమండ్రి వాళ్ళు ఎప్పుడో చేశారు. అక్కడి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయినాడు. ఆయన బొమ్మలు చెదిరిపోకుండా ఆ ఊరు గోడలు ఇచ్చింది. ఈ రోజు గోదావరి చూడ్డానికి పోయినవాడు ఆ గ్యాలరీలోకి కూడా పోయి రావచ్చు. ఒక కుర్రవాడి పనికి ఒక ఊరు చోటిస్తే వందేళ్ళ తరవాత కూడా ఆ కుర్రవాడు ఆ ఊరివాడే. చిత్తూరు తన పేరును నటుడు నాగయ్యకు ఇంటిపేరుగా ఇచ్చి పంపింది. త్యాగయ్య అన్నా వేమన అన్నా రెండు తరాల తెలుగువాళ్ళకు తోచింది ఆయన మొగమే. అట్లాంటి ఊరికి మొగం విలువ నేను చెప్పనక్కరలేదు.

పటాలు కట్టించే పని ఇప్పుడు నడుస్తోంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పటాల అంగళ్ళకు కొదవ లేదు గానీ, వాళ్ళ దగ్గరున్నవన్నీ బంగారురంగు పూలచట్రాలే. స్వామివారికి అవి శోభ. బెల్లం వండే ఆయనకు పెడితే పెళ్ళికొడుకు అవుతాడు. పాలిష్ కూడా లేని టేకు పట్టీలు కావాలంటే, "ఎవురికి సామీ, ఇంత బోడి చట్రం?" అని అడిగారు. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు, ఆషాఢం లోపల ఇస్తానన్నాడు. రంగులు పైకి ఆరినాయి గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటాయి. వార్నీషు వెయ్యడానికి ఆరు నెలలు ఆగాలి. అందుకని ఈ ప్రదర్శనకు వార్నీషు లేకుండానే పెడుతున్నాను.

పటాల కింద పెట్టే చీటీలు రాస్తున్నాను. పేరు, ఊరు, చేసే పని. అంతే. ఇంటిపేరు రాయాలా వద్దా అన్నది వాళ్ళకే వదిలేశాను. మన దగ్గర ఇంటిపేరుతో కులం కూడా గోడ ఎక్కుతుంది. కొందరు రాయమన్నారు, కొందరు వద్దన్నారు. ఒకామె మాత్రం పేరు పక్కన 'గారు' రాయమంది. "నా పేరు పక్కన ఎవురూ రాయలా, నువ్వు రాయి" అంది. రాశాను. ఆమె తిరుపతి కమిషనర్ గారి సంస్థలోనే పారిశుద్ధ్య కార్మికురాలు. గాంధీరోడ్డు ఊడుస్తుంది. డ్యూటీ చీకటితోనే మొదలవుతుంది గనక మధ్యాహ్నాలు, పని ముగించుకొని వచ్చి కూర్చునేది. ఆమె పటం తలుపు తియ్యగానే ఎదురుగా ఉంటుంది. ప్రదర్శన సాయంత్రం ఐదుకు మొదలు. ఆమెతోపాటు ఆ వీధి బ్యాచ్ మొత్తం వస్తామన్నారు. ఆషాఢంలో యాత్రికుల రద్దీ ఎక్కువైతే రెండో డ్యూటీ వేస్తారట. ఆ ఒక్కరోజు వాళ్ళకు రెండో డ్యూటీ పడకుండా చూడమని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఒక మాట చెప్పగలరు. తేదీ ఖాయం కాగానే మీ కార్యాలయానికి రాసి పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
మొగాలు వేసేవాడొకడు
తిరుపతి